పాత పడుగు కొసలు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఒక తప్పును కావాలనే నా చేత చేయించాడు. అదే రోజు సాయంత్రం ఇంకో తప్పు నా అంతట నేనే చేశాను. మొదటిదాన్ని పొద్దు వాలేలోపు ఇద్దరం కూర్చుని సరిచేశాం. రెండోదాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల ఆదోనిలో ఒక మనిషి ఎదురైనప్పటి నుంచీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. పేపరు తీస్తే నాలుగు వరసలు చదివి మడిచేస్తాను. లేచి వీధి చివరిదాకా పోయి ఎందుకు పోయానో తెలియక తిరిగి వస్తాను. రాసి చూస్తే కుదుటపడతానేమోనని రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. తాతయ్య ఇంట్లోనే గుంట మగ్గం మీద ముతక దుప్పట్లు నేసేవాడు. పని లేని రోజుల్లో మా అమ్మానాన్నలతో కలిసి చేను పనికి కూలికి పోయేవాడు. పడుచు వయసులోనే బాప్తిస్మం తీసుకున్నాడు. మా వాడలో మొదట క్రీస్తును నమ్ముకున్న మూడు నాలుగు ఇళ్లలో మాది ఒకటి. ఆయన సంఘ పెద్ద కాబట్టి గుడిలో ముందు చాప మీద కూర్చునేవాడు, ఆయన మోకాలి పక్కన నేను. ఆ చాప మాకు పుట్టుకతో వచ్చిందని నా నమ్మకం.

ఏటా కోత పండుగకు అందరూ జొన్న కంకులు, వేరుశనగ, గుమ్మడికాయలు తెచ్చి గుడి ముందర కుప్ప పోసేవాళ్లు. ఆ రోజు ఒక పిల్లవాడు లేచి వాక్యంలో ఒక అధ్యాయం మొత్తం చూడకుండా ఒప్పజెప్పాలి. రెండేళ్లుగా ఆ పని మా వెనకింటి పిల్లవాడిది. నా ఈడువాడే. వాడు ఒప్పజెప్తుంటే ముసలివాళ్లు కళ్లు మూసుకుని వినేవాళ్లు. ఎక్కడా తడబడేవాడు కాదు.

ఆ ఏడు వాడి నాన్న ఒక ఆదివారం తాగి గుడికి వచ్చి పెద్దలను నానా మాటలన్నాడు. పెద్దలు కూర్చుని ఆ ఇంటి పేరు సంఘం పుస్తకంలో కొట్టేశారు. అట్లాంటి ఇంటి పిల్లలు వెనక కూర్చోవచ్చు గానీ ముందుకొచ్చి నిలబడకూడదన్నది అప్పటి కట్టుబాటు. వాడి అధ్యాయం నాకిచ్చారు.

సరిగ్గా ఆ వారమే ఆదివారపు బడిలో పాస్టరు అయ్యగారు ఒలీవ చెట్టు సంగతి చెప్పారు. ఇశ్రాయేలు దేవుడు నాటుకున్న చెట్టు, అందులో కొన్ని కొమ్మలు విరిగిపోయాయి, అన్యజనులమైన మనం అడవి చెట్టు కొమ్మలం, మనల్ని తెచ్చి ఆ చెట్టుకు అంటుకట్టాడు అని. ఆ తర్వాతి మాట కూడా ఆయన చెప్పే ఉంటారు: విరిగిన కొమ్మల మీద గొప్పలు పోవద్దనీ, వేరును నువ్వు మోయడం లేదనీ, వేరు నిన్ను మోస్తోందనీ. నా చెవికి మొదటి సగమే పట్టింది.

బడి వదలగానే గుడి గోడ దగ్గర నలుగురు పిల్లల ముందు వెనకింటివాణ్ణి నిలదీశాను.

“ఇన్నావా రా? మీరు ఇరిగిపోయిన కొమ్మలంట. నీ జాగాలో నన్ను పెట్టినారు.”

వాడు గోలీలు లెక్కపెట్టుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు: “అట్లయితే నువ్వు అడివి కొమ్మవి. అందుకేనేమో అన్ని ముండ్లు.”

పిల్లలు ఫక్కుమని నవ్వారు. ఆ నవ్వు నాకు కాలింది. “మీ నాయన తాగుబోతు రా! మీ పేరు కొట్టేసినారు. ఇంగ మీరు దేవుని బిడ్డలు గాదు” అని అరిచాను. వాడు గోలీలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. గోడకు అవతల చెప్పులు వేసుకుంటూ మా తాతయ్య ఉన్నాడని నాకు అప్పుడు తెలియదు.

ఆయన ఆ వారమంతా ఏమీ అనలేదు. పండుగకు ముందు రోజు శనివారం, నన్ను మగ్గం దగ్గరికి పిలిచాడు. నేసిన దుప్పట్లు కోసి తీసేశారు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల కొసలు మాత్రం మూరెడు మిగిలి ఉన్నాయి. దువ్వెన లాంటి పన్నె, దాని వెనక దారపు కన్నుల వరస, రెంటిలోంచీ ఆ కొసలు దూరి వెనక్కి వేలాడుతున్నాయి. గంజి పట్టి మురికిగా, వంకరగా ఉన్నాయి. పక్కన కొత్త పడుగు తెల్లగా, మెత్తగా చుట్ట చుట్టి ఉంది.

“ఆ పాతవి సూస్తే ఏమనిపిస్తాంది రా?” అన్నాడు.

“పారేయాల తాతా. కొత్తది ఉంది గదా.”

“సరే, ఒక జానెడు మేర పీకి పారేయ్ పో.”

నేను సంబరంగా పీకేశాను. జానెడు దగ్గర ఆపాల్సింది, వెడల్పున ఇంకో బెత్తెడు దాటింది. పీకిన పోగులను ముద్ద చేసి గడప అవతలికి విసిరాను. తాతయ్య చూస్తూ ఊరుకుని, “ఇంగ అక్కడ కొత్త పోగులు ఎక్కియ్” అని తన పని మొదలుపెట్టాడు. బూడిదలో వేళ్లు అద్దుకుని, పాత కొస ఒకటి, కొత్త కొస ఒకటి పట్టుకుని బొటనవేలి కింద ఒక్క నలుపు నలిపేవాడు. రెండూ ఒకటైపోయేవి. ముడి కూడా ఉండేది కాదు. ఆయన చేయి అట్లా జరిగిపోతూ ఉంది.

నేను మాత్రం మొదటి పోగు దగ్గరే ఆగిపోయాను. కొత్త దారం కొస మెత్తన. కన్నులోకి పెడితే పీచు విచ్చుకుని పక్కకు పోతుంది. ఒక కన్ను దాటిస్తే పన్నెలో ఏ సందులో దూరాలో తెలియదు. తప్పు సందులో దూరిస్తే తీసి మళ్లీ మొదలు. తాతయ్య వందల పోగులు అతికే లోపల నేను ఎక్కించినవి పదో పన్నెండో. అందులో సగం తప్పు. మెడ లాగింది, కళ్ల నీళ్లు తిరిగాయి.

అప్పుడాయన లేచిపోయి గడప బయటి నుంచి నేను విసిరిన ముద్దను తెచ్చాడు. దుమ్ము దులిపి, చిక్కు తీసి, ఒక్కో పాత పోగునే తిరిగి దాని కన్నులోకి పెట్టాడు. గంజి పట్టిన కొస కాబట్టి సూదిలా నిటారుగా పోయింది. ఎక్కడ వంగాలో దానికి ముందే తెలిసినట్టు ఉంది. అవన్నీ వాటి చోట్లలోకి వచ్చాక, వాటికి కొత్త పోగులను అతికాడు. తర్వాత ముందు నుంచి మెల్లగా లాగాడు. పాత కొసలు ముందు నడిచాయి. వాటిని పట్టుకుని తెల్లటి పడుగంతా కన్నులు దాటి, పన్నె దాటి, చెక్కుచెదరకుండా నా ముందుకొచ్చింది.

ఆయన చేతుల బూడిద తుడుచుకుంటూ అన్నాడు: “అయ్యగారు చెప్పిన చెట్టు నేనూ సూడలేదు రా. ఈ మగ్గమే నాకు తెలిసేది. అబ్రాహాము, మోషే, ప్రవక్తలు, వాళ్లంతా దారి పోయొచ్చినోళ్లు. మనం వాళ్లను పట్టుకోని వచ్చినాం. తెంపి పారేసినోళ్లనుకుంటాండావే, వాళ్లను మళ్లీ ఎక్కించేది దేవునికి కష్టమా? మనల్ని ఎక్కించిన దానికంటే సులువు.”

బొటనవేలు చూసుకుంటూ మళ్లీ అన్నాడు: “ఎనకింటోళ్ల పేరు కొట్టేసినప్పుడు నేనూ ఏలిముద్ర ఏసినా. ఈ వారమంతా ఆ ఏలు నన్ను పొడుస్తానే ఉంది. వాళ్ల నాయనతో పండగయినాక నేను మాట్లాడతా. రేపు అధ్యాయం ఆ పిల్లోడే చెప్పాల. పెద్దలకు నేను చెప్పుకుంటా. నువ్వు పోయి వాన్ని పిలుచుకోని రా.”

పోయాను. వాళ్ల తలుపు దగ్గరగా వేసి ఉంది. ఇక్కడే నా తప్పు. ఆ అధ్యాయం నాకు నోటికి వచ్చేసింది. మా అమ్మ అంగీ ఉతికి ఆరేసింది. రేపు అందరి ముందు నిలబడేది నేను కావాలి. తలుపు ముందు నిలబడి వాడి పేరును ఒక్కసారి, పక్కన కోడికి కూడా వినపడనంత మెల్లగా పలికాను. పది అంకెలు కూడా లెక్కపెట్టకుండా తిరిగొచ్చి “పిలిచినా తాతా, రాలేదు” అన్నాను. తాతయ్య నా ముఖంలోకి చూశాడు. నేను కొత్త పడుగు వైపు చూశాను.

మర్నాడు నేనే ఒప్పజెప్పాను. మధ్యలో రెండు చోట్ల మింగేశాను గానీ అందరూ బాగుందన్నారు. తాతయ్య చేతులు మాత్రం చప్పట్లకు లేవకుండా ఒళ్లోనే ఉన్నాయి. పండుగ అయిన మూడో రోజు ఆయన వెనకింటికి పోతే తాళం కనబడింది. పనికి ఆదోని వైపు పోయారని ఎవరో చెప్పారు. ఆ తర్వాత సంఘంలో ఎవరి పేరైనా కొట్టేసే మాట వస్తే తాతయ్య వేలిముద్ర వేయకుండా లేచొచ్చేసేవాడు. ఆయన పోయేదాకా అంతే. నేను మాత్రం ఆ శనివారం సంగతి ఆయనకు చెప్పలేదు.

పెద్దయ్యాక నేనూ ఆదోని చేరాను. జిన్నింగు మిల్లులో పని చేశాను, ఇక్కడి సంఘంలో నేనూ పెద్దనయ్యాను, వాక్యం చెప్పడం అలవాటైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, మగ్గం ముందు అంత నేర్చుకున్నవాణ్ణి, చాలా ఏళ్లు చెప్పిందేమిటంటే: ఇశ్రాయేలు కథ ముగిసింది, దేవుడు వాళ్లను వదిలేశాడు, ఇప్పుడు అసలు ఇశ్రాయేలు మనమే అని. ప్రవక్తల మాటల్లో దీవెనలన్నీ మనకు, శాపాలన్నీ వాళ్లకు పంచిపెట్టేవాణ్ణి. ఆమేన్‌లు గట్టిగా వచ్చేవి. ఆ ఆమేన్‌లు నాకు తీపిగా ఉండేవి. వాళ్ల కీర్తనలే పాడుతూ, వాళ్ల వంశంలో పుట్టినవాణ్ణే రక్షకుడని పిలుస్తూ, జానెడు పోగులు పీకి గడప అవతలికి విసురుతూనే ఉన్నాను. ఎవరి చోటునో దక్కించుకున్నవాడికి, ఆ చోటు మొదటి నుంచీ తనదేనని చెప్పుకోవాల్సిన అవసరం ఎక్కువ కాబోలు.

పోయిన నెల పత్తి మార్కెట్ యార్డు ముందర ఆటో కోసం కేకేస్తుంటే, పత్తి నింపిన బోరాల మీద కూర్చున్న ఒక ముసలాయన నన్నే చూస్తున్నాడు.

“నువ్వు ఎమ్మిగనూరు మగ్గం తాత మనవడివి గదప్పా?”

“అవును. నువ్వెవరన్నా?”

“నీ ఎనకింటోన్ని.”

ఇద్దరం బోరా మీద కూర్చుని టీ తాగాం. వాళ్లిప్పుడు హొళగుంద దగ్గర పల్లెలో ఉంటారు. కొంచెం చేను ఉంది. పత్తి తెచ్చాడు. నన్నెట్లా పోల్చుకున్నావని అడిగితే, “ముగం కాదు, గొంతు” అన్నాడు. అప్పుడు చెప్పేశాను. తాతయ్య పంపిందీ, నేను మెల్లగా పిలిచిందీ, అబద్ధం చెప్పిందీ, అన్నీ.

ఆయన గ్లాసు అడుగు చూస్తూ నవ్వాడు. “ఇనపడిందిలే అప్పా. తలుపు ఎనకాలే ఉండినా. మీ తాత మాటలు గోడ పక్కనుంచి మాకు ఇనపడె. ఉతికిన అంగీ గూడా తొడుక్కోని ఉండినా. ఇంకోసారి పిలుస్తావేమో అని సూస్తాండినా.”

గుడికి పోతున్నావా అని అడిగాను. “మా ఇంట్లోది లోపల కూసుంటాది. నేను బయట చెప్పుల కాడ కూసుంటా. వాక్యం ఆడికీ ఇనపడతాది” అన్నాడు. అంతలో తనంతట తానే ఆ అధ్యాయం మొదలుపెట్టాడు. చుట్టూ బండ్లు, హమాలీల కేకలు, పత్తి దుమ్ము. చివరిదాకా ఒప్పజెప్పాడు, ఎక్కడా తడబడలేదు. నేను మింగేసిన రెండు చోట్లూ నిలిపి మరీ చెప్పాడు. ఆ అధ్యాయంలో నాకు ఇప్పుడు మొదటి రెండు మాటలు కూడా గుర్తులేవు.

వేలంపాటకు ఆయన బోరాల వంతు వచ్చింది. లేచి పోతుంటే, వచ్చే ఆదివారం మా సంఘానికి రా అన్నాను. ఆయన “సూద్దాం లే” అంటూ గుంపులో కలిసిపోయాడు. నేను మళ్లీ అదే చేశానని ఆటో ఎక్కాక తెలిసింది. ఒక్కసారి, గుంపులో వినపడీ వినపడనట్టు పిలిచాను.

ఆ ఆదివారం గుడిలో నిలబడి, ఇశ్రాయేలు గురించి ఇన్నాళ్లూ నేను చెప్పింది సగమేననీ, ఆ సగం కూడా గర్వంతో చెప్పాననీ ఒప్పుకున్నాను. ఈసారి ఆమేన్‌లు రాలేదు. మన్నించమని అడిగాను. కానీ సంఘంతో చెప్పుకుంటే తీరేది కాదది. ఆ మన్నింపు ఇంకోచోట అడగాల్సి ఉంది.

రేపు పొద్దున హొళగుంద బస్సు ఎక్కుతున్నాను. ఆయన వస్తాడో రాడో, ఈ వయసులో చెప్పుల దగ్గర నుంచి లేవాలని ఉందో లేదో నాకు తెలియదు. తాతయ్య నేర్పిన పాఠాన్ని నేను సరిగా మోయలేదు. ఆ శనివారం నుంచి నేను నిజంగా మోసుకొస్తున్నది నా గొంతులోనే ఆగిపోయిన రెండో పిలుపును. వాళ్ల గడప ముందు నిలబడి, వీధంతా వినేటట్టు పిలుస్తాను. పలక్కపోతే మళ్లీ పిలుస్తాను. తలుపు వెనక ఉతికిన అంగీ తొడుక్కుని ఒక పిల్లవాడు ఇంకా నిలబడే ఉన్నాడు.