దించి ఎత్తుకున్న పాట

తిరువూరులో మా చర్చిలో పాట ఎత్తుకునేది మా రిబ్కా పెద్దమ్మే. ఆమె నోరు తెరిచేదాకా కీబోర్డు కూడా పలకదు. ఆమె ఏ శ్రుతిలో మొదలుపెడితే సంఘమంతా ఆ శ్రుతిలోనే పాడాలి. అది మా ఆనవాయితీ. నలభై ఏళ్లుగా ఆమె ఎత్తేది మేడంత ఎత్తు. చరణంలో ఎంత పొడుగు పాదమైనా ఒక్క ఊపిరిలో లాగేసేది.

ఆమె టీచరుగా రిటైరై ఏడేళ్లయింది. మొన్న ఈస్టరు నాడు అలవాటు కొద్దీ అంత ఎత్తులోనే అందుకుంది. రెండో పాదం సగంలో ఊపిరి అయిపోయింది. గొంతు జీరబోయి ఆగింది. ఆమె ఆగిందని సంఘమూ ఆగింది. పక్కన నిలబడి పాడే పడుచుపిల్ల హెప్సిబా అందుకుని పాటను గట్టెక్కించింది.

ఇంటికొచ్చి పెద్దమ్మ అన్నం ముట్టలేదు. "ఇంక హెప్సిబానే ఎత్తుకోమంటారు. నేను వెనక గోడకానుకుని కూర్చోటమే" అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి కళ్లనీళ్లు పెట్టుకుంటే మాకు కాలూ చేయీ ఆడలేదు.

పెదనాన్న ప్రభుదాసు నోట్లో నాలుక లేని మనిషి. మర్నాడే ఆమెను విజయవాడ బస్సెక్కించి గొంతు డాక్టరుకు చూపించాడు.

"జబ్బేం లేదమ్మా. వయసు పైబడితే ఆడవాళ్ల గొంతు కిందకి దిగుతుంది, ఊపిరి చాలదు. పాట దించి ఎత్తుకోండి. పాదం మధ్యలో ఓసారి గాలి పీల్చుకోండి" అంది డాక్టరమ్మ.

"దించితే అది నా పాటెట్టా అవుద్దండీ?" అంది పెద్దమ్మ.

దారంతా ఆ డాక్టరమ్మను తిడుతూనే వచ్చింది. అయినా వారమంతా వంటింటి తలుపేసుకుని సాధన చేసింది. పప్పు రెండుసార్లు మాడింది.

ఆదివారం హెప్సిబా పాటల పుస్తకం తెరిచి సిద్ధంగా ఉంది. పెద్దమ్మ లేచి నిలబడి, బాగా దించి ఎత్తుకుంది. పాదం మధ్యలో ఆగి, సిగ్గుతో తల వంచుకుని ఊపిరి తీసుకుంది.

అంతలో మగవాళ్ల వైపు నుంచి పాట లేచింది! ఇన్నేళ్లూ ఆ ఎత్తు అందక, పుస్తకం అడ్డం పెట్టుకుని పెదవులు కదిపినవాళ్లే అందరూ. వాళ్లలో ఒక గొంతు సన్నగా వణుకుతూనే పెద్దమ్మ గొంతుతో సరిగ్గా కలిసింది. ఆమె తల తిప్పి చూసింది. పాడుతున్నది పెదనాన్న.

బయటికి రాగానే పట్టుకుంది. "ఏవండీ, మీకు పాటొచ్చా? ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారన్నా పాడారా?"

"పాడాలనే ఉండేది రిబ్కా. నువ్వెత్తిన కాడికి నా గొంతు ఏనాడూ అందలా."

పెద్దమ్మ ఆయన చేతిలోని పాటల పుస్తకం తీసుకుని తన సంచిలో వేసుకుంది.

"వచ్చే వారం ఇంకాస్త దించుతాలే" అంది.