చెవి మీద రెండు గాట్లు

మా ఊరికి ఎవరైనా కాగితం పట్టుకొస్తే ముందు దాన్ని తిప్పి వెనకవైపు చూస్తాం. సోలార్ పార్కుకు భూములు లీజుకిచ్చినప్పుడు పట్టుకున్న అలవాటది. అంతకుముందు వెంకటమ్మనహళ్లిలో పోలీసు క్యాంపు మీద నక్సలైట్ల దాడి జరిగినప్పటి నుంచే, కొత్త మొహం కనబడితే ఎవరు, ఎవరింటికి అని అడగడం మా చుట్టుపక్కల ఊళ్లలో మామూలైపోయింది. ఈ విషయంలో నేను అందరికంటే ఒక ఆకు ఎక్కువే చదివాను. నా పేరు రత్న, అంగన్‌వాడీ టీచర్ని. పాలపొడి ప్యాకెట్లు దిగితే వాటి సీలూ చూస్తాను, దించిన మనిషి మొహమూ చూస్తాను.

ఇది హొన్నూరమ్మ సంగతి. మధ్యలో నా సంగతి కూడా కొంత చెప్పక తప్పదు, చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా.

హొన్నూరమ్మ పుట్టింది నిడుగల్లు హోబళిలో, మండలం లాంటిదది. ఇరవై ఏళ్లకు మా ఊరి కోడలై వచ్చింది. మామ కాలంలో రెండు వందల గొర్రెలున్న ఇల్లు, ఆమె చేతికొచ్చేసరికి నలభై మిగిలాయి. మొగుడు పోయాక ఆ నలభైనీ, ఇద్దరాడపిల్లలనూ ఒక్కచేత్తో మేపిందని ఊర్లో సరదాగా అనేవాళ్లు. పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి, రెండున్నర ఎకరాల చేను సోలారు కిందికి పోయింది, గొర్రెలు మాత్రం ఉండిపోయాయి. మనిషి పొట్టిది, గొంతు చెరువవతలికి వినబడుతుంది. గొర్రెలతో ఆమె మాట్లాడే తీరు కోడలితో అత్త మాట్లాడినట్టుండేది. కాసేపు ఎత్తిపొడుపు, కాసేపు బుజ్జగింపు, మళ్లీ ఎత్తిపొడుపు. పుట్టింటికి బయల్దేరినట్టు ఆ నడకేందే అని ఆమె ఒక గొర్రెను నిలేస్తుంటే దారిన పోయే ఆడవాళ్లు ఆగి వినేవాళ్లు. నేనూ ఆగేదాన్ని. ఆమెను అత్తా అని పిలిచేదాన్ని, ఏ చుట్టరికమూ లేకుండానే.

మూడున్నరేళ్ల క్రితం బెంగళూరు నుంచి ఇద్దరు వచ్చారు. ఉమేశ్ కార్టూన్లు తీసేవాడు, నయన బొమ్మలు వేసే పిల్ల. పిల్లల కోసం గొర్రె కథతో కార్టూన్ సీరియల్ తీస్తామన్నారు. ముందు ఒక్క భాగం తయారుచేసి పెద్దవాళ్లకు చూపించాలట, దాన్ని పైలెట్ అంటారట, అది నచ్చితేనే మిగతా భాగాలట. గొర్రెల కథకు బెంగళూరులో గొర్రెలు లేవా, మా ఊరే ఎందుకు అని నేను మొహం మీదే అడిగాను. సోలారు పానెళ్లున్న చోట గొర్రెలు కావాలన్నాడు ఉమేశ్. నాకు నమ్మకం కుదరలేదు గానీ, ఊర్లో వాళ్లను తిప్పే పని పంచాయితీ వాళ్లు నాకే అంటగట్టారు.

పార్కు కడుతున్న రోజుల్లో హొన్నూరమ్మ గొర్రె ఒకటి, చుక్కి దాని పేరు, ఇనుప స్తంభాల మధ్య తప్పిపోయింది. ఆమె రెండు రోజులు వెతికి తోలుకొచ్చుకుంది. ఆ సంగతి ఆమె చెబుతుంటే ఉమేశ్ నోరు తెరుచుకుని విన్నాడు. ఇదే కథ, కార్టూన్‌లో ముసలమ్మకు ఈమె గొంతే అన్నాడు. గొంతు వాడుకుంటామని కాగితం ఇచ్చాడు. ఆమె దాన్ని నాతో చదివించింది, తర్వాత పంచాయితీలో పనిచేసే ఆదినారాయణప్పతో చదివించింది, మా ఇద్దరి మీదా గురి కుదరక పావగడకు పోయి మందుల షాపతనితో చదివించింది. అందులో భూమి మాట ఎక్కడా లేదని మూడోసారి కూడా తేలాక సంతకం పెట్టింది.

నయనకు గొర్రెను దగ్గర నుంచి చూసి బొమ్మ వేయాలి. ఆ రోజు హొన్నూరమ్మ మంద పొద్దున్నే మేతకు పోయింది, సాయంత్రం దాకా రాదు. నయనకేమో మూడు గంటల బస్సుంది. నేను ఆమెను మారప్ప రొప్పానికి తీసుకుపోయాను. రొప్పమంటే ముళ్లకంపతో కట్టిన గొర్రెల దొడ్డి. మారప్ప మా ఊర్లో పెద్ద మంద ఉన్న ఆసామి. వేసవిలో అయిదారిళ్ల మందలను ఒకటిగా కలిపి పడమటి నీళ్ల ఊళ్లకు తోలుకుపోయేది ఆయనే. ఆయన ఆ రోజు సంతకు పోయాడు, ఇంట్లోవాళ్లు చెనక్కాయ చేలో ఉన్నారు. కొత్తగా ఈనిన గొర్రెలను, పాలు తాగే పిల్లలను పరాయివాళ్ల కంట పడనివ్వకూడదు మా వైపు, దిష్టి. అది నాకు తెలియనిది కాదు. దిష్టి అనేది లేదని తల్లుల మీటింగులో చెప్పేదీ నేనే, నా బిడ్డకు నల్లదారం కట్టిందీ నేనే. అయినా ఆ పిల్ల నన్ను మేడం మేడం అంటూంటే కాస్త ఉబ్బిపోయాను. తడిక తీసి లోపలికి పంపాను. ఒక తెల్లమొహం గొర్రె దగ్గర కూర్చుని చాలా ఫోటోలు తీసుకుంది.

ఆ వారంలోనే మారప్ప రొప్పంలో రెండు పిల్లలు చచ్చిపోయాయి. రోగమో మరొకటో నాకు తెలీదు. రొప్పంలోకి ఎవరొచ్చారని మారప్ప ఇల్లిల్లూ అడిగాడు. మా గడపలో నిలబడి నన్నూ అడిగాడు. నేను చూడలేదు మామా అన్నాను.

ఇక్కడ చెవి గురుతుల సంగతి చెప్పాలి. మా ఊర్లో గొర్రెలున్న ప్రతి ఇంటికీ ఒక గురుతు ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడే చెవికి పెట్టేస్తారు. హొన్నూరమ్మ ఇంటిది ఎడమ చెవి కొస కత్తిరింపు. మారప్ప ఇంటిది కుడి చెవి అంచున రెండు గాట్లు. మందలు కలిసినా, తప్పిపోయినా, సంతలో కనబడినా ఆ చెవే సాక్ష్యం. ఇంకొకరి గురుతున్న గొర్రెను నాదని అన్నవాడిని ఏమనాలో మా ఊర్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అయిదు నెలలకు పైలెట్ తయారైంది. మా ఊరికే మొదట చూపిస్తామని ఉమేశ్ మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. మధ్యాహ్నం పూట బడిలో కిటికీలకు గోనెపట్టాలు కట్టి గోడ మీద వేశారు. బొమ్మ చూస్తే దేవుడా అనిపించింది. గొర్రెకు కుక్క తోకంత తోక. పానెళ్లు కొబ్బరిచెట్టంత ఎత్తు. ముసలమ్మ మాట్లాడటం అయిపోయాక నోరు ఆడుతోంది. ఒకచోట మాట మొత్తం ఆగిపోయి నోరొక్కటే ఆడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఉమేశ్ చెమటలు తుడుచుకుంటున్నాడు. హొన్నూరమ్మ మాత్రం తన గొంతు గోడలోంచి వస్తుంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని మురిసిపోతోంది.

చివర్లో గొర్రె దొరుకుతుంది. దాని మొహం గోడంత పెద్దదిగా ఇటు తిరిగింది. నా చేత్తో పెంచినదాన్ని నాకు తెలీదా అంటోంది హొన్నూరమ్మ గొంతు. తెల్ల మొహం, కుడి చెవి. దాని అంచున రెండు గాట్లు, నయన ఎంతో శ్రద్ధగా వేసినవి.

పిల్లలు ఇంకా నవ్వుతున్నారు. మారప్ప లేచి బయటికి పోయాడు. ఆయన వెనకే మగవాళ్లు ఒక్కొక్కరూ లేచారు. పార్కు కట్టిన ఏడు మారప్ప గొర్రె ఒకటి తప్పిపోయి దొరకలేదు. అదే ఏడు హొన్నూరమ్మ చుక్కి తప్పిపోయి దొరికింది. లెక్క ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, ఆ దొరికింది మారప్ప గొర్రేనని అందరికీ సరిపోయింది. తోక బాగా లేదని లేచిపోయారనుకుని ఉమేశ్ నన్ను పక్కకు పిలిచి క్షమాపణ చెప్పాడు.

ఆ చెవి ఎక్కడిదో ఆ గదిలో నాకూ నయనకూ తెలుసు. నయనకు గాట్లంటే ఏంటో తెలీదు. నేను ఒక్కమాట చెబితే అయిపోయేది. చెబితే, రొప్పంలోకి కొత్త మనిషిని పంపింది నేనే అని, చచ్చిన రెండు పిల్లలూ నా నెత్తికి చుట్టుకుంటాయి. రేపు చెబుదామనుకున్నాను. రేపు మళ్లీ రేపయింది.

చుక్కి అప్పటికే ముసలిదై చచ్చి ఏడాది దాటింది. చూపించుకోవడానికి హొన్నూరమ్మ దగ్గర చెవి కూడా లేదు. ఎవరూ ఆమెను దొంగ అనలేదు. అంటే బాగుండేది, తిరిగి తిట్టేది. ఆ వేసవిలో మందలు కలిపేటప్పుడు, ఈసారి మంద పెద్దదైపోయింది, జాగా చాలదు అని మారప్ప నెమ్మదిగా చెప్పాడు. ఒంటి ఆడమనిషి నలభై గొర్రెలతో వలస పోలేదు. ఇక్కడ చూస్తే మేపే బీళ్లన్నీ కంచెల్లో ఉన్నాయి. ఆ ఎండాకాలం ఆమె గొర్రెలు ఎముకల గూళ్లయ్యాయి.

నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేనూ అనుమానించడం మొదలుపెట్టాను. బొమ్మలోని చెవి మారప్ప గొర్రెదే కావచ్చు, కానీ చుక్కి నిజంగా ఈమెదేనని మాత్రం ఎవరు చూశారు? రెండు రోజుల్లో దొరికిందట, ఎక్కడ దొరికిందట? అలా ఆమెను తవ్వుతూ ఉంటే నా తప్పు కొంచెం చిన్నదయ్యేది. వీధిలో ఆమె ఎదురైతే నా చూపు కూడా ఊరి చూపులాగే పక్కకు పోయేది.

ఉమేశ్ తర్వాతి భాగాలకు గొంతు ఇమ్మని రెండుసార్లు వచ్చాడు. ఆమె తలుపు తీయలేదు. బెంగళూరు ఆవిడెవరితోనో మాట్లాడించారు. తోక పొట్టిదైంది, నోరు మాటకు సరిపోయింది, అచ్చమైన చెవులొచ్చాయి, ఒక్క గాటు లేదు. అది చూసి మా ఊర్లో ఏమన్నారనుకున్నారు? చెవి చెరిపించుకుంది చూడు అన్నారు. ఇప్పుడా సీరియల్ ప్రతి ఇంట్లో ఫోన్లో ఆడుతోంది. మొదట చేసిన ఆ వంకరటింకర బొమ్మ బెంగళూరులో ఎవరికీ గుర్తుండకపోవచ్చు. మా ఊరికి మాత్రం అదే నిజం.

హొన్నూరమ్మ రెండు విడతల్లో గొర్రెలన్నీ అమ్మేసింది. ఈ మధ్య పార్కులో గడ్డి కోసే ముఠాలో చేరింది. మొన్న పల్స్ పోలియో పేర్లు రాసుకోవడానికి పోతూ పొద్దున గేటు దగ్గర ఆగాను. గేటు కాసేవాడు మా ఊరి ఓబులేష్, మారప్పకు తమ్ముడి కొడుకు. పన్నెండు మంది ఆడవాళ్లు లోపలికి పోయారు. పదకొండు మందిని ఓబులేష్ పలకరించాడు. పన్నెండో మనిషి తనంతట తానే ఆగి, చెప్పకముందే సంచి విప్పి, అన్నం బాక్సు మూత తీసి చూపించింది. ఆ అలవాటైన చెయ్యి చూశాక నా వల్ల కాలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి పోయి అంతా చెప్పాను. తడిక తీసింది నేనే అని, ఫోటోలు తీయించింది నేనే అని. ఆమె కొడవలి నూరుతూ తల ఎత్తకుండా విన్నది.

"ఆ పొద్దే తెలుసు నాకి" అన్నది. "ఆ మొగము చుక్కిది కాదు. ఆ పాపని దినమంతా తిప్పింది నువ్వు."

మరి ఎందుకు చెప్పలేదత్తా అని అడిగాను.

"నేను చెప్తే దొంగముండ ఇంకోళ్ల మీదికి తోస్తాదంటారు. నువ్వు చెప్పాల. చెప్తావని చూస్తా ఉండాను, మూడేండ్లు." కొడవలి పక్కన పెట్టింది. "నాకి చెప్పేదేముండాది, నాకి తెలిసిందే. పొయ్యి మారప్పకి చెప్పు."

నేను ఏడిస్తే ఓదారుస్తుందని వెళ్లినదాన్ని. ఆమె ఓదార్చలేదు. కాఫీ కూడా ఇవ్వలేదు. బాగా చేసింది.

నయనకు ఫోన్ చేసి పాత ఫోటో తెప్పించుకున్నాను. మర్నాడు పొద్దున మారప్ప ఇంటి ముందు, నలుగురూ ఉన్నప్పుడే నిలబడి మొత్తం చెప్పాను. చచ్చిన పిల్లల సంగతి కూడా నా మీదే వేసుకున్నాను. ఫోటో చూపించాను. మారప్ప ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నా గొర్రేనే" అన్నాడు. "నేను అనేదీ అదే కదా."

మీ రొప్పంలోనే తీసింది మామా, వెనక కంప చూడండి అన్నాను. కంప ఏ రొప్పానికైనా కంపేనన్నాడు. తెల్లమొహం గొర్రెలు తనకు పదున్నాయన్నాడు. బొమ్మతో మాట్లాడించినవాళ్లకు ఫోటో సృష్టించడం ఓ లెక్కా అన్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. ఆయన ఫోను నా చేతికిచ్చి, నా మొహంలోకి నిదానంగా చూశాడు. పాలపొడి దించిన మనిషిని నేను చూస్తానే, ఆ చూపు.

"మూడేండ్లు ఊరుకోని ఇప్పుడొచ్చినావు. ఆయమ్మ నీకేమిచ్చింది, టీచరమ్మా?"

ఆయన చోట నేనున్నా అదే అడిగేదాన్ని.