ఈస్టరు దాకా గొరకలు

ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఏటా ఒక పూట గొరక గురించి చెబుతాను. అరచేతిలో పట్టే చేప, ఒంటి నిండా గట్టి పొలుసులు, మొప్పల మూతకి రంపం పళ్ళు. మొప్పలు చాలక తలలో ఇంకో అవయవం కూడా పెట్టుకుని, పైకొచ్చి గాలి పీలుస్తుంది. తడి ఉంటే నేల మీదా పాకుతుంది. బోర్డు మీద బొమ్మ బాగానే వేస్తాను. అంతకుమించి ఆ చేపకీ నాకూ పరిచయం లేదు.

అమ్మ రిటైరైన హెడ్మిస్ట్రెస్. మాతోనే ఉంటుంది. నిజం చెప్పాలంటే మేమే ఆవిడతో ఉంటున్నాం. ఈస్టరు ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులూ నీసు ముట్టనని ఏటా తీర్మానం చేసుకుంటుంది. ఈసారి మూడో వారంలో టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోయింది కానీ ఆకలి తిరిగి రాలేదు. పూటకి రెండు చెంచాల జావ, అదీ మమ్మల్ని ఊరుకోబెట్టడానికి. చేతి గడియారం మోచేతి దాకా జారిపోతోంది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టాల్సిందేనని, ఈస్టరు దాకా చూద్దామని డాక్టరుగారు అన్నారు. ప్రార్థనకి వచ్చిన పాస్టరుగారు మెల్లిగా కదిపారు.

"జబ్బు మనిషికి మినహాయింపు ఉంటుందండీ. కాస్త చేపో, మాంసమో..."

"ఆయ్, ఉంటుందండీ. ముప్పయ్యేళ్ళు పిల్లలు నాతో చెప్పింది అదేనండి. ఒంట్లో బాలేదండీ, హోంవర్కు చెయ్యలేదండీ అని."

పాస్టరుగారు ప్రార్థన కాస్త తొందరగా ముగించారు.

ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం సాయంత్రం అమ్మ గోడవైపు తిరిగి పడుకుని, తనలో తను అనుకుంటున్నట్టు అంది: "గొరకల పులుసైతే నోటికి పడుతుందేమో."

నేను బండి తాళాలు తీశాను.

"ఎక్కడికి? తినేది ఈస్టరుకేరా. ఇవాళ కాదు."

"అప్పటిదాకా?"

"జావ ఉందిగా."

సోమవారం నుంచి నాకు కుదురు లేదు. అమలాపురం మార్కెట్లో చెరువుల్లో పెంచిన చేపలు గుట్టలుగా ఉన్నాయి. గొరకలంటే నవ్వారు. "ముళ్ళూ, పొలుసులూను. ఇప్పుడెవరు తింటున్నారండీ అయ్యి?" అన్నాడొకాయన, నన్ను పైనుంచి కిందకి చూసి. రాజోలు వెళ్ళాను. అక్కడా అదే చూపు. క్లాసులో పాఠం చెబుతూ కిటికీలోంచి చేలకి నీళ్ళు పారే బోదెలోకి చూస్తుంటే పిల్లలు కూడా తలలు తిప్పి చూడడం మొదలుపెట్టారు.

బుధవారం మామిడికుదురు రోడ్డు పక్కన, చేలల్లో నీళ్ళు తీసేసిన చోట, బురద బోదెలో చేతులు పెట్టి వెతుకుతున్న ఒకావిడ కనిపించింది. గట్టు మీద బకెట్లో ఐదు గొరకలు, ప్రాణాలతో.

"ఆదివారం దాకా బతుకుతాయాండీ?"

"శుభ్రంగా బతుకుతాయండి. నీళ్ళు కొంచెమే పొయ్యండి, పైన..."

"నేను జువాలజీ చెబుతానండి."

"ఆయ్. అయితే మీకు మేం చెప్పేదేముందండీ," అని ఆవిడ బకెట్ నా ముందుకి తోసింది.

ఇంటికొచ్చి పెరటి వసారాలో పెద్ద కుండ పెట్టాను. చేపలు కదా, సుఖంగా ఉంటాయని అంచు దాకా నీళ్ళు నింపాను. పారిపోతాయని తెలుసు కాబట్టి పళ్ళెం బోర్లించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టాను.

గురువారం పొద్దున్న ఒకటి వెల్లకిలా తేలింది. మిగతా నాలుగూ అదే దారిలో ఉన్నాయి. అమ్మకి చెప్పకూడదనుకున్నాను. కానీ ఆవిడ సర్వీసంతా ముఖాలు చదవడమే.

"నీళ్ళెన్ని పోశావు?"

"నిండా."

"మూత?"

"గట్టిగానే పెట్టానమ్మా."

"గాలి పీల్చే చేప అని పిల్లలకి చెబుతావా?"

"చెబుతాను."

"చెప్పి?"

"పరీక్షలో రాయమంటాను."

అమ్మ కళ్ళు మూసుకుంది. చేపని నీళ్ళలో ముంచి చంపిన జువాలజీ లెక్చరర్ల జాబితా ఎక్కడైనా ఉంటే అందులో నాది మొదటి పేరై ఉండాలి. ఆ మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్లో వాళ్ళ అక్కగారికి ఈ సంగతి చెబుతూ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది, నవ్వి నవ్వి.

సగం నీళ్ళు తీసేసి, మూతకి బదులు జల్లెడ పెట్టి, దాని మీద పొత్రం ఆనించాను. ఇక అక్కడినుంచి పది నిమిషాలకోసారి వెళ్ళి పొత్రం దింపడం, జల్లెడ ఎత్తడం, నాలుగూ ఉన్నాయని లెక్కపెట్టడం, మళ్ళీ పెట్టడం. లోపల అవి టపటపా కొట్టుకుంటున్నాయి. బయట నేనూ అంతే. అమ్మ మంచం మీంచే, "ఎన్ని?" అనేది. "నాలుగు," అనేవాణ్ణి. జావ మాత్రం రెండు చెంచాల దగ్గరే ఉంది.

మంచి శుక్రవారం పన్నెండింటికి ఆరాధన. అమ్మ వెళ్ళమంది, తను పడుకుంటానంది. చివరిసారి కుండ చూసొచ్చి, నేనూ మా ఆవిడా వెళ్ళాం. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించాలి. ఐదోది దాహం గురించిన మాట. అక్కడికొచ్చేసరికి నాకు కుండ గుర్తొచ్చింది. ఆ వెంటనే పొత్రం కూడా గుర్తొచ్చింది. దింపాను. పెట్టానా?

మిగతా రెండు మాటలూ ఎవరు చెప్పారో నాకు తెలియదు. ముందు వరసలోంచి లేచి వెళ్ళిపోవడం మా చర్చిలో చిన్న విషయం కాదు. కూర్చునే ఉన్నాను, కాళ్ళు మాత్రం అప్పటికే ఇంట్లో ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి మంచం ఖాళీ. పొత్రం నేల మీద, జల్లెడ ఇంకో మూల, కుండలో నీళ్ళే. మా ఆవిడ, "అత్తయ్యగారూ!" అని పెట్టిన కేకకి పెరట్లోంచి జవాబొచ్చింది.

"అరవకే. చేప చప్పుడు వినపడట్లేదు."

మూడు వారాలుగా బాత్రూము దాటి నడవని మనిషి కొబ్బరి చెట్టు పాదు పక్కన, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. చీర అంచు బురద. చేతికి తువ్వాలు చుట్టుకుంది. బొటనవేలు రంపం పళ్ళకి తెగి రక్తం కారుతోంది. కాళ్ళ దగ్గర గిన్నెలో మూడు గొరకలు, పైన చాట అడ్డం.

"టప్పుమని పడింది ఒకటి. లేచి వచ్చేసరికి నాలుగూ గడప దాటేసేయి. పాదులో తడి ఉంది కదా, ఇటే వచ్చేయి," అంది రొప్పుతూ. "ఇంకోటి ఆ మట్టల కింద ఉంది. ఒక్కొక్కటీ తియ్యి. నువ్వు చదువుకున్నవాడివి, నెమ్మదిగా తియ్యి."

ఎండిన మట్టలన్నీ తీశాను. తేలు కనిపించింది కానీ గొరక కనిపించలేదు. ఆ సాయంత్రం అమ్మ జావ గ్లాసు ఖాళీ చేసింది. ఎవరం ఏమీ అనలేదు. అంటే మానేస్తుందని భయం.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే మా ఆవిడ మూడు గొరకలకీ బూడిద రాసి, గరుకు రాయి మీద రుద్ది పొలుసు తీసి, మామిడికాయ వేసి పులుసు పెట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను.

"గుమ్మానికి అడ్డం లేవండి," అంది మా ఆవిడ.

అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. మేమిద్దరం ఆవిడ గొంతునే చూస్తున్నాం. మింగింది.

"ఉప్పు తక్కువైంది," అంది. ఇంకో ముద్ద కలిపింది. ముళ్ళన్నీ పళ్ళెం అంచున వరసగా పెడుతూ రెండు చేపలు తినేసింది. మూడోదాన్ని ముక్క చేస్తూ తలెత్తింది.

"నాలుగోది దొరికిందా?"

"వెనక పారే మురుక్కోడులోకి పోయుంటుందమ్మా." ఆ పొద్దున్నే మట్టలన్నీ మూడోసారి తిరగేశానని చెప్పలేదు.

"ఆ బోదె ఆవిడ్ని అడుగు, ఇంకా ఉన్నాయేమో. ఈసారి..."

"నీళ్ళు కొంచెమే పోస్తాను."

"అది కాదు. ఆవిడ చెప్పేది పూర్తిగా విను."

బండి తాళాలు అప్పటికే నా చేతిలో ఉన్నాయి.