గోడ మీది జానెడు సందు

వానలు మొదలైనప్పటి నుంచి మా పడకగది తలుపు పడట్లేదు. కరీంనగర్‌లో ఈ ఇల్లు ఎండాకాలంలో తీసుకున్నాం. అప్పుడది బుద్ధిగానే ఉండేది. ఇప్పుడు చెక్క ఉబ్బి, చట్రంలోకి రానని మొండికేసింది. మూడుసార్లు పిలిస్తే ఒకసారి వచ్చిన వడ్రంగి, అంచుకు ఇంత చిత్రిక పట్టి, "జర పైకి లేపి నూకుండ్రి మేడం, పడ్తది" అని అభయమిచ్చి వెళ్లిపోయాడు. తలుపు పడలేదు గానీ, నేల మీద రాలిన పొట్టు వాసన నన్ను తీసుకెళ్లి బెల్లంపల్లిలో మేమున్న కంపెనీ క్వార్టర్ వాకిట్లో నిలబెట్టింది.

ఆ వాకిట్లో రోజూ మధ్యాహ్నం మా అవ్వ బొగ్గుల పొయ్యి రాజేసేది. మా ఇంట్లో అమ్మ అవ్వ, నాన్న బాపు. బాపు బొగ్గుబాయిలో పని చేసేవాడు; తోడేది నీళ్లు కాకపోయినా గనిని మా దిక్కు బాయి అనే అంటారు. రెండో షిఫ్టు సైరన్ కూసి ఆయన వెళ్లగానే, అవ్వ పొయ్యి అడుగున ఇలాంటి చెక్కపొట్టే పరిచి, దాని మీద పుల్లలు, పుల్లల మీద బొగ్గుబెడ్డలు పేర్చి, ఇంత కిరసనాయిలు చల్లి అంటించేది. అంటించగానే లోపలికి తేలేం. పచ్చటి పొగ క్వార్టర్ల లైనంతా కమ్మి, తీగల మీది బట్టలన్నిటికీ తన వాసన పంచి, దగ్గు లేనివాళ్లకు కూడా దగ్గు తెప్పించి, ఏ అరగంటకో బెడ్డలు ఎర్రబడితే గానీ పొయ్యి ఇంట్లోకి రావడానికి పనికిరాదు. ఆ అరగంట వంట లేదు, పని లేదు. లైన్‌లో మిగతా ఆడవాళ్లు గడపల్లో కూర్చుని పేలు చూసుకునేవాళ్లు. మా అవ్వ లోపలి గదిలోకి వెళ్లి, తలుపేసి, గొళ్లెం పెట్టుకుని, ఏకాంత ప్రార్థన చేసుకునేది. పొయ్యికి నేను కాపలా. బెడ్డలు ఎర్రబడితే తలుపు కొట్టాలి.

"ఆయితారం మందిరంల చేస్తం గద, మల్ల గిదెందుకే?" అని ఒకసారి అడిగాను.

"నలుగుట్ల అందరం మంచిగనే మాట్లాడుతం బిడ్డా. తలుపేసుకుంటెనే ఉన్నది ఉన్నట్టు చెప్పబుద్ధయితది" అంది.

నిజంగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేది. కాపలా వదిలేసి తలుపుకు చెవి ఆనించేదాన్ని కాబట్టి నాకు తెలుసు. పప్పు మాడిన సంగతి, మేనత్త మాటలకు కడుపు మండిన సంగతి, నాకు లెక్కలు ఒంటబట్టని సంగతి, అన్నీ పక్కన పీట మీద కూర్చున్న మనిషికి చెప్పినట్టే చెప్పేది. నా మార్కులు బాపు కంటే ముందు దేవుడికి తెలిసేవి. ఆయన ఎన్నడూ కొట్టలేదు. ఆ గొంతు వింటుంటే, లోపల నిజంగానే ఇద్దరున్నారని నాకు నమ్మకంగా ఉండేది.

నా ఐదో తరగతిలో, బాయిలో బాపుకు రెండు బారల దూరంలో పైకప్పు కూలింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కానీ ఆ తర్వాత బాపు షిఫ్టుకని బయల్దేరి, గేటు ముందు హోటల్లో చాయ్ తాగి, వెళ్లిన దారినే తిరిగి వచ్చేవాడు. మూడో రోజు అవ్వ గొంతు తలుపు దాటి వచ్చింది.

"ప్రభువా, బాయి దిగాలంటే ఆయనకు కాళ్లు వణుకుతున్నయట. నాకొక్కదానికే చెప్పిండు. నువ్వు గూడ ఎవ్వరికి చెప్పకు."

దేవుడు ఎవరికీ చెప్పలేదు. కరుణమ్మ చెప్పింది.

కరుణమ్మ మా పక్క క్వార్టర్ ఆమె. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పేర్లు పుట్టినప్పుడే పెడతారు కాబట్టి, ఆ పేరుకు ఎవరినీ తప్పుపట్టలేం. రెండిళ్లకూ నడుమ ఉన్న గోడ కప్పు దాకా వెళ్లేది కాదు. గాలి ఆడడానికి పైన జానెడు సందు. గాలితోపాటు ఇంకేమేం ఆడేవో ఆ ఆదివారం తెలిసింది. మందిరంలో ప్రార్థన విన్నపాలు చెప్పే వేళకు కరుణమ్మ లేచి, కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుంది.

"మా పక్కింటి తమ్మునికి బాయంటె భయం పట్టింది. కాళ్లు గజగజ వణుకుతున్నయి. అందరు జ్ఞాపకం చేసుకోండ్రి."

అందరూ జ్ఞాపకం చేసుకున్నారు. మర్నాడు గేటు దగ్గర మగవాళ్లు కూడా జ్ఞాపకం చేసుకుని, బాపు ముందు కాళ్లు వణికించి చూపించారు. ఆ రోజు బాపు బాయి దిగాడు. రిటైరయ్యే దాకా దిగుతూనే ఉన్నాడు. భయం పోయిందో లేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అవ్వకు చెప్పడం మానేశాడు. అవ్వ దేవుడికి వినపడేలా చెప్పడం మానేసింది. తలుపుకు చెవి ఆనిస్తే ఏమీ లేదు. తలుపు సందులోంచి తొంగిచూస్తే పెదవులు మాత్రం కదులుతున్నాయి.

నేను ఆ రోజే కరుణమ్మ సంగతి తేల్చాలనుకున్నాను. క్రిస్మస్‌కు ఆమె పంపిన సకినాలు తిన్నాను. సకినాలతో నాకు పగ లేదు.

ఎండాకాలం సెలవుల్లో చిన్నమ్మ కాన్పుకని అవ్వ వారం రోజులు మంథని వెళ్లింది. మొదటి మధ్యాహ్నమే పొయ్యి రాజేసి, లోపలి గదిలో గొళ్లెం పెట్టి, గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. అవతల చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు. "ప్రభువా" అన్నాను. చప్పుడు ఆగింది.

"మన పాస్టరయ్యను భైంసాకు బదిలీ చేస్తున్నరట. పాస్టరమ్మ మా అవ్వకు చెప్పుకొని ఏడ్చింది. ఎవ్వరికి తెల్వద్దన్నది. మేమెట్ల తట్టుకోవాలె ప్రభువా?"

మూడు రోజులు ఇదే ప్రార్థన. మూడో రోజుకు సామాను ఎక్కించే లారీ కూడా మాట్లాడేశాను.

ఆదివారం కరుణమ్మ శాలువాతో వచ్చింది. పాటల మధ్యలో లేచి, ఏడుస్తూ, "మనల్ని ఇడిసిపెట్టి పోతున్నవా అయ్యా?" అని పాస్టరు భుజాల మీద కప్పింది. ఆయన మొహం మందిరం గోడకు వేసిన సున్నం రంగుకు వచ్చింది. "నేనెక్కడికి పోతున్ననమ్మా? నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు. నేను వారం రోజులుగా ఎదురుచూసిన ప్రశ్న అదే. గోడ పక్క నిలబడి విన్నానని ఆమె నలుగురిలో చెప్పాలి, ఇంకో దారి లేదు.

కరుణమ్మ కళ్లు మూసుకుంది. "ప్రార్థనల బయలుపడ్డది" అంది.

నెల తిరగకుండా పాస్టరుకు నిజంగానే బదిలీ వచ్చింది. భైంసాకు కాదు, నిర్మల్‌కు. అంత చిన్న తేడాను సంఘం పెద్దమనసుతో క్షమించింది. అప్పటి నుంచి బిడ్డల పెళ్లిళ్లకూ, పరీక్షలకూ కరుణమ్మ ఇంటి ముందు జనం. మందిరంలో ముందు చాప ఆమెది. పగ తీర్చుకోబోయి ప్రవక్త్రిని తయారుచేసి పెట్టిన దాన్ని ఆ బొగ్గు ఊళ్లో నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఆ తర్వాత రోజూ తలుపేసుకున్నాను. ఆమె పన్ను నొయ్యాలి, కోళ్లు గుడ్లు పెట్టొద్దు, సకినాలు నూనెలో విచ్చిపోవాలి అని గొంతు పైకి రానివ్వకుండా, వివరంగా విన్నవించుకునేదాన్ని. హాస్టల్లో, ఉద్యోగంలో, పెళ్లయ్యాక, మోకాళ్ల మీద కూర్చుంటే ముందు ఆమే గుర్తుకొచ్చేది.

ఇప్పుడు ఆ పొయ్యిలు లేవు. గ్యాసు తిప్పగానే అంటుకుంటుంది. ఆడమనిషికి అరగంట ఇచ్చే పొగ లేదు. బాపు లేడు. అవ్వ నా దగ్గరే ఉంటుంది, ప్రార్థనకు ఇప్పటికీ పెదవులే కదుపుతుంది.

మొన్న కరుణమ్మ తన మనవరాలి పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చింది. చాయ్ ఇచ్చాను. పడని తలుపు సందులోంచి, మంచం మీద కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్న అవ్వ కనిపిస్తోంది. ఇక ఆగలేక అంతా చెప్పేశాను: పాస్టరు బదిలీ నా అబద్ధమని, ఇన్నేళ్లూ దేవుడి దగ్గర ఆమె మీదే ఫిర్యాదు చేశానని.

కరుణమ్మ చాయ్ ఆఖరి గుక్క దాకా తాగి, కప్పు కింద పెట్టి, తలుపు సందు వైపు చూసింది.

"మీ అవ్వ ప్రార్థన నేనే చెడగొట్టిన, నిజమే. నీది ఎవరు చెడగొట్టిండ్రు బిడ్డా?"