దక్షిణం తలుపు

పోయిన నెల కడప ఆసుపత్రిలో మా పెద్దమ్మ కన్నుమూసింది. అమ్మ ఫోన్‌లో “అక్క పోయింది” అని మాత్రమే అనగలిగింది. ఇది రాస్తున్నా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆమె ఇంజనీరు. పెళ్లి హాళ్లకు, సినిమా హాళ్లకు ప్లాన్లు గీసేది. నేను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురికంటే ముందు తలుపులు చూసేది. మన హాళ్లలో వెనక తలుపుకు అడ్డంగా ఏముంటాయో మీకు తెలియంది కాదు: పేర్చిన కుర్చీలు, వంట డేగిసాలు, గ్యాసు సిలిండర్లు. పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని వాటిని తానే జరిపేది.

“అక్కా, పెండ్లికొచ్చినావా, తనిఖీకొచ్చినావా?” అని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్లు.

“రెండింటికీ వచ్చినాలే. నువ్వు ఆ పక్క పట్టు” అనేది.

భోజనాల దగ్గర ఆమెకు మరీ భయం. ఒక బంతి లేచేదాకా తలుపు మూసిపెట్టడం, తెరవగానే అందరూ తోసుకుంటూ పోవడం మనకు మామూలే కదా. ఆమె గీసిన హాళ్లలో తిన్నవాళ్లు ఒక వైపు నుంచి వెళ్తారు, తినబోయేవాళ్లు ఇంకో వైపు నుంచి వస్తారు. “ఆకలైనోళ్లను, సంకన బిడ్డలుండేటోళ్లను ఎదురెదురుగా నిలబెట్టగూడదు” అనేది.

ఆమె ఆఖరి పని ఎర్రగుంట్లలో ఒక పెళ్లి హాలు. దక్షిణం వైపు వెడల్పాటి తలుపు పెట్టించింది. అది యముడి దిక్కు, వాస్తుకు పనికిరాదని యజమాని గోల.

“నిప్పంటుకుంటే లోపలుండేటోళ్లు యాడ నుంచి పోవల్లప్పా?” అంది పెద్దమ్మ.

“దక్షిణం తలుపుండాదంటే ఈడ పెండ్లి ఎవురు పెట్టుకుంటారు మేడమ్మా?”

“పెట్టుకున్నోళ్లు అందరూ మళ్లీ ఇంటికి పోవల్ల. నాకంతే.”

అప్పటికే క్యాన్సర్ మందులకు ఆమె జుట్టంతా రాలిపోయింది. తల మీద కొంగు కప్పుకుని, ఎండలో నిలబడి ఆ మాట అంది. ఆయన అప్పటికి ఊరుకున్నాడు.

పెద్దమ్మ పెద్దకర్మ అయిన మరునాడే యజమాని నాకు ఫోన్ చేశాడు. “మేడం లేదు గద పాపా. ఇంగ ఆ తలుపుకాడ గోడ కట్టిస్తాండా” అన్నాడు. పెద్దమ్మను మళ్లీ పోగొట్టుకుంటున్నట్టే అనిపించింది.

నేను వెళ్లేసరికి మేస్త్రీ ఇటుకలు తడుపుతున్నాడు. పెద్దమ్మలా వాదించడం నాకు చేతకాదు. ఆ తలుపు గడప మీదే కూలబడి, పక్కనే ఉన్న యజమానితో ఏడుస్తూ అన్నాను.

“అన్నా, ఈడ మొదటి పెండ్లి నీ బిడ్డదే గదా. ఆ పొద్దు ఇన్ని వందలమంది లోపలుంటే, ఈ గోడను చూసి నువ్వు నిమ్మళంగా ఉంటావా?”

ఆయన ఆ తలుపును కింది నుంచి పై దాకా చూశాడు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, “ఆ ఇటికలు కాంపౌండు గోడకు ఎత్తుకపో” అన్నాడు.

మొన్న ఆ పెళ్లికి వెళ్లాను. గట్టిమేళానికి ఒక పసిబిడ్డ జడుసుకుని ఏడుపు లంకించుకుంది. తల్లి బిడ్డను భుజాన వేసుకుని, దక్షిణం తలుపు దారినే బయటికి గాలికి నడిచింది. ఆ తలుపు ఎవరు పెట్టించారో ఆమెకు తెలియదు. బిడ్డ తలకు తగలకుండా నేను తలుపు రెక్క పట్టుకున్నాను. కళ్లు మసకబారి ఆ తల్లి ముఖం నాకు సరిగా కనబడలేదు.