పుస్తకంలో ఎక్కని పూత మందు

నా భార్య నాడిని నేను మొదటిసారి లెక్కపెట్టింది 1961 నవంబరులో. నిమిషానికి యాభై రెండు. అప్పటికి నేను కొత్తకోటలో సర్కారు కొలువు చేస్తున్నాను. ప్రతి ఉదయం వానమాపకం చూసి, అంకె రాసి, పై కచేరీకి పంపడం నా విధుల్లో ఒకటి. కొలిచిన దానిని మాత్రమే నమ్మాలన్న అలవాటు నాకు అక్కడ అబ్బింది. ఆ అలవాటు వల్ల జరిగిన మేలును చాలామందికి చెప్పుకున్నాను. కీడును ఇప్పుడు రాస్తున్నాను.

ఆ చలికాలం ఆమెకు ముప్పై ఒకటో ఏడు. ముఖం ఉబ్బింది, జుట్టు రాలింది, గొంతు బొంగురుపోయింది. మాట అడిగితే జవాబు రావడానికి నేను రెండు వాక్యాలు చదువుకునేంత సేపు పట్టేది. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే, గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి పని దాదాపు ఆగిపోయిందన్నారు. జంతువుల గ్రంథిని ఎండబెట్టి పొడి చేసిన మాత్రలు రాశారు. మెల్లగా పెంచుకుంటూ పోయి, రోజుకు మూడు దగ్గర నిలిపారు. జీవితాంతం మానరాదని చెప్పారు.

నేను ఒక పుస్తకం తెరిచాను. తేదీకి ఒక గడి, పొద్దున లేవకముందు నాడికి ఒక గడి, నెలకొకసారి తూకానికి ఒకటి, మింగిన మందుకు ఒకటి. 1962 మార్చి నాటికి నాడి డెబ్బైకి వచ్చింది. యాభై ఎనిమిది కిలోల మనిషి యాభై రెండుకు తగ్గింది. ఆమె మళ్ళీ ఇరుగుపొరుగుతో పోట్లాడసాగింది. ఆ గడి నా పుస్తకంలో లేదు గాని, అది కూడా ఆరోగ్యమేనని తెలుసు.

ఏడాదికొకసారి రక్త పరీక్షకు పట్నం పోయేవాళ్ళం. రక్తంలోని మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉన్న అయోడిన్ ఎంతో ఆ పరీక్షలో కొలిచేవారు. గ్రంథి రసంలో అయోడిన్ ఉంటుంది కనుక, అది ఎంత ఉంటే రసం అంత ఉన్నదని లెక్క. నాలుగుకూ ఎనిమిదికీ మధ్య ఉంటే మంచిదన్నారు. మొదటి ఏడు ఐదున్నర, రెండో ఏడు ఆరు. రెండూ ఎర్ర సిరాతో రాసుకున్నాను.

1964 ఎండాకాలం ముందర ఆమె కుడి పిక్క మీద నారికురుపు లేచింది. మెట్లు దిగి ముంచుకునే బావి నీళ్ళు తాగిన మా ప్రాంతంలో ఇది ఇంటింటికీ ఉన్న బాధే. పొక్కు పగిలి, తెల్లటి నూలుపోగులాంటి పురుగు బయటికి వస్తుంది. దానిని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి. తెగితే కాలంతా చీము పడుతుంది. సర్కారు దవాఖాన కాంపౌండరు మా వీధిలోనే ఉండేవాడు. నా భార్యను చెల్లె అని పిలిచే ముసల్మాను పెద్దమనిషి. రోజూ పొద్దున వచ్చి పుల్లను ఒక చుట్టు తిప్పి, పుండుకూ చుట్టూ ఉన్న చర్మానికీ టింక్చర్ అయోడిన్ పూసి పోయేవాడు.

“కదలకు చెల్లె, తీగ తెగితే నీకే కష్టం. జర ఓపిక పట్టు. సూడు, పెండ్లికూతురికి పారాణి పెట్టినట్టు పెట్టిన.”

“పారాణి గింత మండుతదా అన్నా? ఏ పెండ్లిల జూసినవ్ గిసుంటి పారాణి?”

పురుగు ఒకటి కాదు, మూడు వచ్చాయి. రెండోది తెగింది. పుండు మానలేదు, పూత ఆగలేదు. నా పుస్తకంలో మాత్రం దీని గురించి ఒక్క అక్షరం లేదు. మందు గడిలో నోటితో మింగినవే రాయాలని నేనే నియమం పెట్టుకున్నాను. కాలికి పూసేది మందని నాకు తోచలేదు. దుమ్ము తుడవడం వంటిదే అనుకున్నాను.

ఏప్రిల్ 27 నాడు పరీక్షకు రక్తం ఇచ్చాం. పెద్ద డాక్టరుగారు అడిగారు, “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అని.

నేను పుస్తకం తెరిచి ముందుంచాను. “లేదండి. రెండేళ్ళ ఐదు నెలల లెక్క ఇందులో ఉంది. ఈ మాత్రలు తప్ప వేరే మందు ఒక్కటి లేదు.”

పక్కన నా భార్య, “కాలుకు…” అని ఏదో అనబోయింది.

“నువ్వు ఊకో, సారు మందుల సంగతి అడుగుతాండు” అన్నాను.

ఫలితం కోసం మే 7న నేనొక్కడినే పోయాను. కాగితం మీద ఇరవై ఒకటి అని ఉంది. రెండుసార్లు చదివాను. డాక్టరుగారు కనుబొమలు ముడిచి, మందు చాలా ఎక్కువైందన్నారు. ఇంత అంకె రావాలంటే రాసిన దానికి మించి మింగుతూ ఉండాలి, ఇంట్లో ఒక కన్ను వేసి ఉంచండి, రేపటి నుంచి ఒక్కటే ఇవ్వండి అన్నారు.

ఇంటికి వచ్చి సీసాలో మాత్రలు లెక్కపెట్టాను. ఉండవలసినన్నే ఉన్నాయి, ఒక్కటి తక్కువ లేదు. ఆ రోజు ఉదయం నాడి డెబ్బై. మందు ఎక్కువైతే నాడి తొంభై, వంద కొట్టాలి. నా లెక్కలు రెండూ ఒకవైపు, పట్నం కాగితం ఒకవైపు. నేను కాగితాన్నే నమ్మాను. ఎక్కడి నుంచో వేరే సీసా తెప్పించుకున్నదేమోనని బియ్యం కుండలో కూడా చేయి పెట్టి చూశాను. సీసాను సందుకలో పెట్టి తాళం వేశాను.

ఆమె గడపలో నిలబడి అదంతా చూసింది. “నేనెందుకు మింగుత? గవ్వేమన్న బెల్లం ముక్కలా?” అన్నది.

మే నెల ఎండలకు మా ఇంటి గోడలు మధ్యాహ్నం ముట్టుకోనిచ్చేవి కావు. ఆమె గొంగడి కప్పుకొని కూర్చునేది. “చలి పెడ్తాంది” అంటే, మందు తగ్గించినందుకు శరీరం సర్దుకుంటున్నదని చెప్పాను. మే 20 నాడి అరవై రెండు. జూన్ 5, యాభై ఆరు. జూన్ 18, యాభై. తూకం యాభై ఏడు. ఇవన్నీ నా చేత్తో రాసినవే, ఒక్కొక్కటి చక్కగా, గడి దాటకుండా. రాస్తున్న చేయి వాటిని చదవలేదు. అంకె ఇరవై ఒకటి ఉన్న మనిషికి మందు పెంచమని అడగడం తెలివితక్కువ పని అనుకున్నాను.

జూన్ 23 పగలు రెండు గంటలప్పుడు నేను కచేరీ నుంచి ఇంటికి వచ్చాను. పొయ్యి ముందర పడుకొని ఉంది. పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కుదిపాను, ముఖం మీద నీళ్ళు చల్లాను. చేయి పచ్చి మట్టిలా చల్లగా ఉంది. ఎంతసేపటికో కళ్ళు తెరిచి నన్ను చూసింది గాని, గుర్తుపట్టడానికి ఇంకొంత సేపు పట్టింది. ఆ సేపు ఎంతో నేను కొలవలేదు.

కాంపౌండరు కారు మాట్లాడి తెచ్చాడు. పట్నం దవాఖానలో ఆ రోజు పెద్ద డాక్టరుగారు లేరు, వయసులో చిన్న డాక్టరు ఒకాయన చూశాడు. ఒంట్లో వాపు చూడడానికి చీర అంచు కొంచెం పైకి జరిపి కాలి ఎముక మీద వేలితో నొక్కబోయి, ఆగాడు. మోకాలి కింది నుంచి చీలమండ దాకా చర్మం ఇటుక రంగులో ఉంది.

“ఇదేమిటి?”

“నారికురుపు పుండండి. టింక్చర్ పూస్తున్నారు.”

“ఎప్పటి నుంచి?”

నేను పుస్తకం పేజీలు తిప్పాను. ఎక్కడా లేదు. తేదీ అడిగితే చెప్పలేకపోవడం నాకు అదే మొదలు. మంచం మీది నుంచి ఆమె, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, “హోలి పండుగకు… నాలుగొద్దుల ముందట సంది” అన్నది.

ఆయన నావైపు తిరిగి మెల్లగా చెప్పాడు. పుండు మీద పూసిన అయోడిన్ రక్తంలోకి పోతుందట. ఆ పరీక్ష గ్రంథి రసంలోని అయోడిన్‌నూ, సీసాలోని అయోడిన్‌నూ వేరు చేయలేదట. “ఆ ఇరవై ఒకటి తప్పు అంకె కాదండీ. అది ఆమె కాలి లెక్క. మీరు దాన్ని గొంతు లెక్క అనుకున్నారు. ఇంకే మందూ లేదని ఎవరు చెప్పారు?”

“నేనే” అన్నాను.

తొమ్మిది రోజులు దవాఖానలో ఉంచుకున్నారు. పుండుకు వేరే పొడి మందు వేశారు. మాత్రలు ఒకటి నుంచి మూడుకు మెల్లగా పెంచారు. చేరిన రోజు తీసిన రక్తం ఫలితం తరువాత వచ్చింది: పంతొమ్మిది. మందు మూడింట ఒక వంతుకు దిగినా అంకె రెండే రెండు దిగింది. ఈ ఒక్క పరీక్షను మే నెలాఖరున చేయించి ఉంటే నాకే అర్థమయ్యేది.

అక్టోబరులో మళ్ళీ పోయాం. ఆరు పాయింటు ఒకటి వచ్చింది. నాడి డెబ్బై రెండు. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బస్సు పట్నం దాటగానే మొదలుపెట్టింది.

“సందుకకు తాళమేస్తిరి. బియ్యం కుండల చెయ్యి పెడ్తిరి. నేను దొంగనా?”

“తప్పు నాదే” అన్నాను.

“ఏమంటున్నరు? బస్సు సప్పుడుకు ఇనొస్తలేదు.”

“తప్పు నాదే!”

ముందు సీటు ముసలామె వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, “అనిపియ్యి బిడ్డా, ఇంకోపాలి అనిపియ్యి” అన్నది. నా భార్య నవ్వలేదు.

“నేను చలి పెడ్తాందంటే నమ్మలే. కాయిదం చెప్తే నమ్మినరు. రేపు మల్ల కాయిదం గట్లనే చెప్తే ఏం జేస్తరు?”

“ముందుగాల నిన్ను అడుగుత.”

ఆమె షాద్‌నగర్ దాటేదాకా బయటి చేన్లను చూస్తూ కూర్చుంది. ఆ తరువాత, నావైపు తిరగకుండానే, “జడ్చర్ల కాడ బస్సు ఆగితే ఏమన్న తిందాం. ఆకలైతాంది” అన్నది.