సూదులు పట్టే చక్రం

మొన్న పాత ఇనుప సామాన్ల బండి వస్తే, మా కోడలు మంచం కింద ఉన్న చక్రాన్ని తీసి వాకిట్ల పెట్టింది. తినే పళ్ళెమంత ఉంటది గని ఎత్తితే చెయ్యి గుంజుతది. నేను మళ్ళ లోపటికి తెచ్చుకున్న. దాని కడుపుల అయస్కాంతాలున్నయి, బొంతలు కుట్టే సూదులన్నీ దానికే అంటిస్త. ఇన్నేండ్లల్ల ఒక్క సూది పోలే. "సూదుల డబ్బా కొనిస్త గద అత్తమ్మా" అంటది కోడలు. కొనుడు ఎవలకైనా వస్తది. ఇది మా తమ్ముని పడవ మోటరు మీది చక్రం.

అప్పట్ల మా దిక్కు గోదారి మీద బండ్లు పోయే వంతెన లేదు. అవతలి ఊర్లోళ్ళు బొగ్గుబాయి డ్యూటీలకు, వారం వారం అంగడికి పడవ మీదనే వచ్చేది. పడవ రేవు గుత్తేదారుది, నడిపేది మా తమ్ముడు. మా నాయిన బొగ్గుబాయిల కప్పు కూలి పోయిండు. ఆయన నౌకరీ తమ్మునికే ఇస్తమన్నరు. వాడు దిగనన్నడు. నాయినను పైకి తెచ్చిన నాటి నుంచి చలికాలమైనా తలుపు తెరిచే పండుకునేటోడు. ఆ వానకాలం గాలిదుమారంల పడవ ఒడ్డుకు కొట్టుకొని మోటరు నీళ్ళల్ల మునిగింది. తాడు ఎంత గుంజినా స్టార్టు కాదు. అంగడి నాటికి మోటరు నడవకుంటే ఇంకొకన్ని పెట్టుకుంట అన్నడు గుత్తేదారు. ఇక మా అమ్మ ఊకుంటదా? "ఆ నౌకరీ ఎన్నొద్దులు ఆగుతది బిడ్డా? పోయి సంతకం పెట్టు" అని ఒకటే పోరు.

మా ఇంటాయన బాయిల ఎలక్ట్రీషన్. మోటరును సైకిలు మీద కట్టుకొచ్చి, క్వార్టర్ వాకిట్ల నీళ్ళ డ్రమ్ము అంచుకు బిగించిండు. దాని కాలు, రెక్క తిరిగే కొస, నీళ్ళల్ల మునిగి ఉండాలెనట, లేకుంటే వేడెక్కుతదట. ఆ డ్రమ్ము నేను నల్లా కాడ కొట్లాడి బిందె బిందె నింపుకున్నది. ఏమంట? కడుపుల పెట్టుకున్న. చక్రం ఇప్పితే కింద పళ్ళెం మీద రాగి తీగల చుట్టలు, ఆనుకుంట విడిపోయే చిన్న చిన్న పాయింట్లు. బ్యాటరీ లేదు. నాకు అర్థమైంది ఒక్కటే, ఇది సల్ల చిలుకుడు అసొంటిది. తాడు గుంజితే చక్రం తిరుగుతది, అయస్కాంతాలు ఆ చుట్టల చుట్టూ తిరిగితే కరెంటు పుడతది, అది ప్లగ్గు కాడికి పోయి నిప్పురవ్వ అయితది. ఆ రవ్వతోనే మోటరు లేస్తది.

పొయ్యి మీది కూర దించిపిచ్చి, ఆ చుట్టలను బొగ్గుల సెగకు ఆరబెట్టిండు. పాయింట్లను గరుకు కాయితంతోని రుద్దిండు. అన్నీ బిగించి, ప్లగ్గును మోటరుకు ఆనిచ్చి తాడు గుంజిండు. ఎండల రవ్వ కనవడదని నేను గొంగడి కప్పుకొని ప్లగ్గు మీదికి వంగి చూసిన.

"వచ్చిందానే?"

"ఏం రాలే. నాకు చెమటే వచ్చింది."

మళ్ళ విప్పుడు, మళ్ళ బిగించుడు. డ్యూటీ నుంచి వచ్చి అన్నం తినకుండ అదే పని. బాయిల గ్యాసుంటది, రవ్వ లేస్తే మనుషులు మాడిపోతరు. రవ్వ పుట్టకుండ చూసుడే నౌకరీగ బతికిన మనిషి, ఇంటికొచ్చి రవ్వ కోసం దేవులాడిండు. ఆయన మొకం చూస్తే కోపం రాలే, అలుపొచ్చింది.

అంగడి రోజు పొద్దుగాల తమ్ముడు ఉతికిన అంగీ తొడుక్కొని వచ్చిండు. "ఇడిసిపెట్టు బావా. ఆఫీసుకు పోతున్న, సంతకం పెట్టి వస్త" అన్నడు. నేను చాయ్ పోసిచ్చిన. తాగుకుంట మోటరు దిక్కు చూసినోడు, చూసినట్టే ఉన్నడు.

"బావా, ఈ తీగను బాడీకి ఎందుకు బిగిచ్చినవ్?"

"విడిగ వేలాడుతున్నది. ఎర్తు చేసిన. బాయిల విడి తీగ కనవడితే ఎర్తు చేయకుండ ఉంచుతమా?"

"అయ్యో బావా! మోటరు బంద్ చేసే తీగే అది. బటన్ ఇరిగిపోతే నేనే విడిచిపెట్టిన. ఒడ్డుకు రాంగనే దాన్ని బాడీకి ఆనిస్త, మోటరు ఆగుతది. నువ్వు ఆపుకుంట లేపుతున్నవ్!"

చుట్టలు మొదటి రోజే ఆరినయన్నట్టు. బాయి అలవాటు చేతులకు తెలువకుండనే ఆ స్క్రూ బిగిచ్చింది. మా ఇంటాయన స్క్రూ ఇప్పి, ప్లగ్గు పెట్టి తాడు గుంజిండు. మోటరు ఒర్రింది! డ్రమ్ముల నీళ్ళు లేచి నేను ఎండబెట్టిన వడియాల మీద, తమ్ముని ఉతికిన అంగీ మీద పడ్డయి. నీళ్ళు పోయినయని నేను తిడుతున్న. తమ్ముడు నవ్వుతున్నడో ఏడుస్తున్నడో, తడిసిన మొకం, తెలువలే.

వాడు మోటరును భుజాన వేసుకొని రేవుకు పోయిండు. మా ఇంటాయన టోపీ పెట్టుకొని మొదటి షిఫ్టుకు పోయిండు. నేను వాకిట్ల నిలవడి చూసిన, ఒకరు నీళ్ళ దిక్కు, ఒకరు మట్టి కిందికి.

తమ్ముడు వంతెన కట్టేదాక పడవ నడిపిండు, బాయిల కాలు పెట్టనే లేదు. మోటరు తుక్కుకు పోతుంటే చక్రం ఒక్కటి నాకు తెచ్చిచ్చిండు. మా ఇంటాయన రిటైరయ్యేదాక బాయిల దిగిండు, తర్వాత దగ్గుకుంటనే పోయిండు. తమ్ముడు కూడ ఇప్పుడు లేడు. చక్రం మాత్రం సూదిని అప్పటి లెక్కనే పట్టుకుంటది. దాన్ని పీకుడే, ఏడాదికేడాది నా వేళ్ళకు ఇంకింత ఆలస్యమైతున్నది.